పిట్టల కూలి

మరియమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పత్తికి మందు కొట్టి వచ్చి పడుకున్న మొగుడు ఏలీయా ఏదో ఒకరోజు లేపినా లేవడేమోనని.

ఆళ్లగడ్డ పక్కన నల్లరేగడి చేను వాళ్లది. పత్తికి పచ్చపురుగు పడినప్పటి నుంచి ఏలీయా నంద్యాలకు పోయి డబ్బాలు తేవడం, వీపుకు పంపు కట్టుకోవడం, సాయంత్రానికి కళ్లు ఎర్రగా చేసుకుని రావడం మామూలైపోయింది. ఒక డబ్బాకు పురుగు చావకపోతే ఇంకా ఘాటైనది తెచ్చేవాడు. అతను పడుకుంటే మరియమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి గానీ పొయ్యి దగ్గరికి పోయేది కాదు.

ఆ పొద్దున ఆమె జొన్నరొట్టెలు కాలుస్తోంది. వసారాలో అత్త జీవమ్మ దగ్గుతోంది. ఏలీయా పంపులో మందు కలుపుతూ, చేనికి జబ్బు చేసిందని, మందు పడితే గానీ కోలుకోదని పైకే గొణుక్కుంటూ, ఏదో మరిచి లోపలికి వెళ్లాడు.

వాళ్ల నాలుగేళ్ల కూతురు అరుణకుమారి ఆ మాటలన్నీ విన్నది. డబ్బా మూతలో మిగిలినదాన్ని ఒలికిపోకుండా పట్టుకుని అవ్వ దగ్గరికి నడిచింది.

"అవ్వా, మందు తాగు. దగ్గు పోతాది."

జీవమ్మకు చూపు మసక. మూత అందుకుంది. అయితే గుక్కెడు నీళ్లయినా కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పనిదే నోట పెట్టని మనిషి. ఆ స్తోత్రం సగంలో ఉండగా వాసన ముక్కుకు తగిలింది. మూత విసిరేసి కేక వేసింది.

మరియమ్మ రొట్టె వదిలేసి వచ్చింది. బిడ్డ చేతులు సబ్బుతో కడిగింది, మళ్లీ కడిగింది. పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ ఎత్తని గొంతు ఆ రోజు మొగుడి మీద ఎత్తింది.

"నువ్వు మందన్నావు, అది మందనుకున్నాది. బిడ్డ తప్పేందప్పా?"

పురుగు తినేస్తే మనం తినేదేందని ఏలీయా అరిచాడు. జీవమ్మ అడ్డం వచ్చింది.

"చేనికి కొట్టొద్దనను నాయనా. ఒకటే అడుగుతాండా. ఈ ఇంట్లో దాన్ని మందనొద్దు. దాని పేరేదో ఆ పేరే అను."

కొన్నాళ్లకు ఏలీయా మళ్లీ పంపు వీపున వేసుకున్నాడు. గడపలో కూతురు ఎప్పటిలాగే, "యాడికి నాయనా?" అంది.

"మన చేనికి... విషం..."

మిగతా మాట రాలేదు. పంపు దించి మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు జీవమ్మ, పోయిన పెద్దాయన, ఏలీయా నాయన, పత్తి మధ్యన కొర్ర సాళ్లు వేసేవాడని, ఎందుకని అడిగితే పిట్టలకు కూలి అనేవాడని చెప్పింది.

ఆ ఏడు కొర్ర విత్తే అదను దాటిపోయింది, అందుకని వేపగింజలు దంచి, నానబెట్టి, వడగట్టి ఆ నీళ్లు పత్తికి చల్లారు. ఏలీయా పత్తికి కాఫీ పోస్తాండాడని పక్కచేను సంజీవయ్య ఊరంతా చెప్పాడు. ఆ ఏడు పత్తి తగ్గింది. ఏలీయా అన్నం సరిగా తినలేదు, కానీ డబ్బా తేలేదు. మరుసటి ఏడు కొర్ర సాళ్లు వేశాడు. వాన మొహం చాటేసినా కొర్ర కంకి పట్టింది.

ఒక పొద్దున మరియమ్మ బువ్వ తీసుకుని చేనికి పోతే, ఏలీయా గట్టు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆమె గుండె ఆగినంత పనైంది. అతను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

చేను నిండా పిట్టలు. కంకి మీద వాలేది, గింజ పొడిచేది, పత్తిలో దూరి పచ్చపురుగును ముక్కున కరిచి లేచేది. రెక్కల చప్పుడుకు చేనంతా ఊపిరి తీసుకుంటున్నట్టుంది.

"ఇవన్నీ ఇన్నాళ్లు యాడుండె?" అని ఆమె గుసగుసగా అడిగింది.

"మనం రానిస్తే కదా," అన్నాడు. అతని కళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఈసారి మందుకు కాదు.

తిని అక్కడే కునుకు తీశాడు. మరియమ్మ అలవాటుగా ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో చేనికి మందు కొట్టి వచ్చి పడుకున్న మనిషి ఉంటే, ఒక్కసారి పోయి పేరు పెట్టి పిలవండి. పలికేదాకా పిలవండి.