పూరక స్వరం

ఫోన్లో పలికిన ప్రతి మాటా ఎక్కడో నిలవ ఉండి, అడిగినవాళ్లకు అమ్ముడుపోయే కాలం అది. విశాఖలో జనం ఫోన్లో ఎండావానల గురించి తప్ప మరేమీ మాట్లాడేవారు కాదు.

అప్పుడే కాత్యాయని గుప్తవాణిని తయారుచేసింది. అది గొంతును తునకలు చేసి, ఒక్కో తునకను మూడు పొరల సంకేతలిపిలో చుట్టి, మూడు మజిలీల మీదుగా పంపుతుంది. ఒక్కో మజిలీ ఒక్క పొరే విప్పగలదు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నెట్‌వర్క్‌కే తెలియదు.

అదంతా చెల్లెలు హిరణ్మయి కోసం. నదిని విషం చేసిన ఒక గనుల కంపెనీ మీద సాక్ష్యం చెప్పి, ఆమె పేరు మార్చుకుని ఏదో ఊళ్లో దాక్కుంది. ఏ ఊరో అక్కకీ తెలియదు.

ఒక చిక్కు మిగిలింది. ఇక్కడ మాట మొదలైన క్షణానే అక్కడ ఫోన్ మేల్కొంటే, కాపుకాసేవాళ్లు ఆ రెండు కొసలనూ కలిపేయగలరు. అందుకని మనుషులు మాట్లాడని వేళ కూడా వాళ్ల గొంతుతో, వాళ్ల ధోరణిలో మాటలల్లి పంపే పూరక స్వరాన్ని కాత్యాయని కనిపెట్టింది. అవతలివాళ్లకు తగ్గట్టు అది బదులూ ఇస్తుంది. తేడా అవతలి ఫోన్‌కు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆమెకు కూడా. అవతలి ఫోన్ దాన్ని వినిపించకుండా పారేస్తుంది.

"మేడం, పారేయొద్దంటున్నారు జనం," అన్నాడు సహచరుడు ఇమ్మానుయేలు ఒకరోజు. "అవతల మనిషి లేనప్పుడు అదైనా వింటారట."

"వినడానికి అందులో ఏముందయ్యా? వట్టి నింపుడు సరుకు."

అయినా, వేస్తే పూరకం వినిపించేలా ఫోన్లో ఒక మీట పెట్టించింది. పరీక్షకని తన ఫోన్లోనూ వేసి, తీయడం మరిచిపోయింది.

ఏడాది తిరిగేసరికి ఇమ్మానుయేలు మొహం పాలిపోయి వచ్చాడు. "దాదాపు అందరూ మీట వేసేశారు మేడం. ఎవరూ తీయడం లేదు."

ఆ సాయంత్రం ఫోన్లో చెల్లెలి నవ్వు వింటూంటే కాత్యాయనికి తాను తీయని మీట గుర్తొచ్చింది.

"హిరణ్, ఇది నువ్వేనా?"

"ఇంకెవరక్కా?"

పూరకమూ ఆ మాటే అంటుంది. చెల్లెలు బతికే ఉందా? ఆ భయంతో వారం రోజులు ఆమె ఫోన్ ముట్టుకోలేదు. చివరికి ఉండబట్టలేక తీసింది.

"వారమైంది మాట్లాడి. ఏమనుకోకే."

"రోజూ మాట్లాడుతూనే ఉన్నావు కదా."

"అది నేను కాదు హిరణ్."

అవతల నిశ్శబ్దం. కాత్యాయనికి ప్రాణం లేచొచ్చింది. పూరకం ఎన్నడూ మౌనంగా ఉండదు. మౌనాన్ని నింపడానికే అది పుట్టింది.

"నాకు తెలుసక్కా," అంది హిరణ్మయి నెమ్మదిగా.

"తెలిసీ మాట్లాడావా?"

"కోర్టులో ఆ రోజు నాకెంత భయమేసిందో చెప్తుంటే అది వింటోంది. నీకెప్పుడు చెప్పబోయినా, అయిపోయిందిగా వదిలెయ్ అంటావు."

కాత్యాయని ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"కోపం తెచ్చుకోకు. ఒక్క పని చేస్తావా? ఫోన్ పెట్టెయ్. నువ్వుంటే అది రాదు. నిన్న దానికి చెప్తూ సగంలో ఆపేశాను."

పెట్టేసింది. తన ఫోన్లో పుట్టే పూరకాన్ని ఎలా వినాలో ఆమెకు తెలుసు. మళ్లీ చెవికి ఆనించుకుంది.

అచ్చం తన గొంతే, తనకు ఎన్నడూ లేనంత ఓపికగా, "చెప్పు తల్లీ, వింటున్నాను," అంటోంది.