చిలక నవ్వదు

మళ్ళీ వెళ్ళిపోయాడు! డ్యూటీ దిగి వచ్చి, టీ అయినా తాగకుండా, గడ్డం గీసుకుని మరీ వెళ్ళిపోయాడు సత్యానందం... ఇరవై రోజులుగా ఇదే వరస!

"ఏటే జెరూషా, నా కొడుకు రోజూ ఎక్కడికెల్తన్నాడే? ఇంట్లో ఆడది సరిగ్గుంటే మొగోడి కాలు నిలబడదా?" అంది అత్తగారు రోజమ్మ, జపం చేసినట్టు.

జెరూషా కళ్ళు తుడుచుకుంది. ఈ ఇంటి పరువు కోసం తను మోస్తున్న బరువు ఈవిడకేం తెలుసు? బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్‌లోనే పుట్టి, బెంగాలీ బడిలో చదివి, ఓడరేవు డాక్‌లో గుమాస్తా అయిన సత్యానందానికి తెలుగు మాటే గాని అక్షరం రాదు. కాని తెలుగు చర్చిలో సంఘపెద్ద! ఆదివారం చదవాల్సిన వాక్యాన్ని ముందురోజు జెరూషా పైకి చదివితే, ఆయన బెంగాలీ అక్షరాల్లో రాసుకుని, ఆ చీటీ బైబిల్లో పెట్టుకుని గడగడా చదివేవాడు. పదహారేళ్ళుగా కన్నతల్లికి కూడా తెలియని రహస్యం! శ్రీకాకుళంలో బి.ఏ. చదివినందుకు జెరూషాకు దొరికిన ఉద్యోగం అదొక్కటే.

నెల కిందట కొత్త పాస్టరుగారు వచ్చి, "ఈస్టర్ వెళ్ళాక ఏ భాగం చదవాలో చర్చిలోనే అప్పటికప్పుడు చెబుతాను" అనేశారు. ఆ ఆదివారం రేపే. నలుగురిలో తలదించుకోవలసిన మనిషి ఇంట్లో కూర్చుని ఏడవకుండా, గడ్డం గీసుకుని ఎవరి దగ్గరికి వెళ్తున్నట్టు?

ఇక ఉండబట్టలేదు. చెప్పులేసుకుని వెనకాలే బయలుదేరింది. పెద్ద రోడ్డు మీద ఎర్రజెండాల ఊరేగింపు... బస్సులన్నీ ఆగిపోయాయి. జెండాల మధ్య నుంచి దూరి, నినాదాలిచ్చేవాళ్ళకు మోచేతులు తగిలిస్తూ వెళ్ళేసరికి, భర్త మార్కెట్ వెనక సైబర్ కేఫ్‌లోకి దూరడం కనిపించింది!

లోపల చెక్క గదులు, వాటికి తెరలు. మూడో తెర వెనక నుంచి ఆడగొంతు... తేనెలాంటి తెలుగు గొంతు!

"బంగారూ, నాతో కలిసి చెప్పు... ఏదీ, మళ్ళీ చెప్పు..."

ప్రభువా, ఏం గతి పట్టించావు! జెరూషా తెర లాగేసింది.

కంప్యూటర్ మీద గౌను వేసుకున్న చిలక అక్షరాలు పాడుతోంది. దాని ముందు, చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని, నోట్‌బుక్‌లో 'క్క' దిద్దుతున్నాడు సంఘపెద్ద! డిప్పల వైరు కంప్యూటర్‌కు గుచ్చకుండా కిందకి వేలాడుతోంది. ఇరవై రోజులుగా ఆ పాట కేఫ్ అంతా వింటోందని ఆయనొక్కడికే తెలియదు.

"బౌదీ, దాదాతో పాటు మాకూ వచ్చేసింది మీ భాష" అన్నాడు కేఫ్ యజమాని బెంగాలీలో, సొంత వదిననూ అన్ననూ పిలిచినట్టు, ఎంతో వినయంగా.

"నేను చచ్చానా?" జెరూషా తెర పట్టుకునే అడిగింది. "బి.ఏ. చదివిన పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని... చిలక దగ్గర నేర్చుకుంటారా?"

సత్యానందం తల వంచుకున్నాడు. "చిలక నవ్వదు జెరూషా..."

"ఏంటండీ?"

"పెళ్ళైన కొత్తలో అరకొరగా వచ్చిన అక్షరాలు కూడబలుక్కుని నీ ముందు ఒక్క వాక్యం చదివాను. నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. మర్నాడే చీటీ మొదలెట్టాను..."

జెరూషా తెర వదిలేసింది. తను నవ్విన సంగతే గుర్తులేదు! పదహారేళ్ళూ తనది త్యాగమనుకుంది... ఆ బరువు తన నవ్వేనా! కన్నీళ్ళు ధారలుగా కారాయి. కాసేపటికి ముక్కు చీది, వంగి, వైరు దాని కన్నంలో గుచ్చింది. స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"వత్తులే... కాళ్ళ కింద పురుగుల్లా ఉన్నాయి."

"చిలకను పాడమనండి. నేనూ ఉంటాను. నవ్వితే అడగండి."

మర్నాడు పాస్టరుగారు నూట ఇరవై ఒకటో కీర్తన అన్నారు. ఎనిమిదే వచనాలు. సత్యానందం వేలు పెట్టి మొదలెట్టాడు. ఒక్కో వత్తు దగ్గర ఆగాడు, చెమట తుడుచుకున్నాడు, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. వెనక బెంచీల్లో గుసగుసలు! జెరూషా చీర కొంగు నోట్లో కుక్కుకుంది... నవ్వొచ్చి కాదు.

రోజమ్మ మోచేత్తో పొడిచింది. "ఈయేల ఆడికేటైనాదే? గడగడా సదివీసీవోడు, సిన్నపిల్లడిలాగ తడబడతన్నాడు!"

జెరూషా భర్త మీంచి చూపు తిప్పలేదు.

"ఈయేలే చదువుతున్నారత్తా..."