నల్లబడని గుడ్లగూబ

"దీన్ని తోమిందెవరండీ?"

భూతద్దం దించకుండానే అడిగాడు నగల పనివాడు. అతని అరచేతిలో తళతళలాడుతున్నది ప్రాచీన గ్రీకుల వెండి నాణెం. ఒకవైపు దేవత, మరోవైపు కళ్లు విప్పార్చిన గుడ్లగూబ.

"నేనే. లాకెట్‌కి శుభ్రంగా ఉండాలని మా క్లినిక్ పేస్టుతో తోమాను," అంది పళ్ల డాక్టరు.

"రెండు వేల ఏళ్ల నలుపండీ! అదే దీని అందం. నాణెమనుకున్నారా, దంతమనుకున్నారా?"

"మా తాతయ్య నాకిచ్చాడు. నా ఇష్టం!"

అంటూనే ఆమె కళ్లు చెమర్చాయి. అతడు భూతద్దం పక్కన పెట్టాడు. నాణేనికి చిల్లు పొడవక, నిప్పు సోకనీయక, చుట్టూ బంగారు అంచు కట్టి ఇచ్చాడు.

"గాలి తగిలితే మెల్లగా నల్లబడుతుంది. నెలకోసారి చూపించండి. నల్లబడ్డాక ఇక రానక్కర్లేదు."

అతని తల్లి పోయిన నాటినుండి ఆ దుకాణంలో మాట్లాడేది సుత్తి ఒక్కటే. రెండో కుర్చీలో పనిముట్లు కాపురముండేవి. ఇప్పుడు నెలకొకనాడు అవి కిందికి దిగేవి. ఆమె టీ తాగి వెళ్లాక, చాతకం మబ్బుకోసం చూసినట్లు అతడు మరుసటి నెలకోసం చూసేవాడు. వెండిని క్షణంలో నల్లబరచే ద్రావకం అలమరలోనే ఉంది. దాని ఊసెత్తడానికి అతనికి నోరు రాలేదు.

వింతేమంటే, వానలు మొదలైనా నాణెం నిన్ననే అచ్చువేసినట్లు మెరుస్తూనే ఉంది.

ఒకనాడు ఆమె తడిసిన గొడుగు మడిచి, ముభావంగా కూర్చుంది.

"వేరే ఊళ్లో ఉద్యోగమిస్తామంటున్నారు. ఇవాళే చెప్పాలి. ఇది నల్లబడిందేమో ఆఖరుసారి చూడండి."

అతడు భూతద్దం అందుకున్నాడు. లాకెట్‌ను కంటి దగ్గరకు తెచ్చుకున్నాడు. గుప్పున పుదీనా వాసన! గుడ్లగూబ కాళ్ల సందున గులాబీరంగు పేస్టు.

"డాక్టరుగారూ, ఈ పక్షి పళ్లు తోముకుని వచ్చిందేమండీ?"

ఆమె ముఖం కందిపోయింది. "నల్లబడితే రానక్కర్లేదన్నారుగా! తాతయ్య పోయాక నాకు మాత్రం టీ ఇచ్చేవాళ్లెవరున్నారు?"

అతడు లేచి సీసా తెచ్చి ఆమె ముందుంచాడు.

"ఇందులో ముంచితే క్షణంలో నల్లబడుతుంది. మొదటినుంచీ ఇక్కడే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మళ్లీ రారుగా."

బయట వాన జోరందుకుంది. ఆమె నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

"అయితే ముంచండి."

"నల్లబడ్డాక కూడా వస్తారా?"

"రాను," అంది ఫోను తీస్తూ. "ఇక్కడే ఉంటాను."

ఆమె అవతలివాళ్లకు కుదరదని చెబుతుండగా, కుర్చీలోంచి దించిన పనిముట్లను తగిలించడానికి అతడు గోడకు మేకు కొట్టసాగాడు.