బుల్లిరాజు గారి వెనక స్పీకర్లు

తణుకులో కాలవ గట్టు పక్కన మేడ మీద మూసేసిన వీడియో గేమ్ షాపు ఒకటుంది. దాని మెట్లంటే ఆ వీధిలో అందరికీ హడలే. రాత్రి ఎనిమిది దాటాక ఎవరో ఎక్కుతారట... పై మెట్టు దగ్గర ఆగుతారట... కాసేపటికి దిగిపోతారట. తొంగిచూస్తే మనిషుండడు. నేను దెయ్యాల్ని నమ్మను గానీ, నేనూ అటు వెళ్ళను. ఎందుకొచ్చిన గొడవ!

మొన్న మా ఇంట్లో స్పీకర్లు బిగించడానికి సురేంద్ర వచ్చాడు. మాటల్లో ఆ మెట్ల దెయ్యం ఊసెత్తి నవ్వాను. అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"ఆ అడుగులు నావేనండి," అన్నాడు మెల్లిగా.

ఆ షాపు బుల్లిరాజు గారిది. ఇరవై ఏళ్ళనాటి గేమ్ పెట్టెల్ని కన్నబిడ్డల్లా చూసుకునేవారు. మూడేళ్ళ క్రితం వాటికోసం కొత్త ఆంప్లిఫయరు కొన్నారు. గేములో శత్రువు వెనక నుంచి వస్తే చప్పుడూ వెనక నుంచే రావాలని ఆయన పంతం. పాత పెట్టెలకి ఎరుపు, తెలుపు — రెండే వైర్లు. వెనక చప్పుడుని కూడా ఆ రెండింట్లోనే కలిపి పంపిస్తాయవి. విడదీసి వెనక స్పీకర్లకివ్వడం ఆంప్లిఫయరు పని. దానికో సెట్టింగుంది. అది పెట్టకపోతే వెనక స్పీకర్లు కిక్కురుమనవు.

కొన్న రోజే రాత్రి ఎనిమిదింటికి, వెనక స్పీకర్లు పలకట్లేదని ఆయన సురేంద్రకి ఫోన్ చేశారు. ఫోన్లో చెబితే రెండు నిమిషాల పని. కానీ ఈ మహానుభావుడు మంచమ్మీద పడుకుని క్రికెట్ చూస్తున్నాడు. మన మెకానిక్కులందరూ చెప్పే మాటే తనూ చెప్పాడు — "దార్లో ఉన్నానండి. పది నిమిషాలు." చెప్పి, ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాడు.

రాత్రి పదిగంటలు దాటాక ఆయన భార్య వెంకటదుర్గ గారు షాపుకెళ్ళి చూస్తే... కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నారు. గుండెపోటు. పక్కన మనిషుండి వెంటనే తీసుకొస్తే దక్కేవారన్నాడు డాక్టరు. పరామర్శకెళ్ళి సురేంద్ర ఇంకో అబద్ధం ఆడాడు — దార్లో బండి పంక్చరైందని.

"అప్పట్నించీ ఆ వేళకి కాళ్ళు అటే లాగేవండి. పైదాకా వెళ్ళి... తాళం చూసి... దిగిపోయేవాణ్ణి. ఎవరైనా వస్తుంటే మెట్ల కింద నక్కేవాణ్ణి."

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడకే చెప్పి ఏడవచ్చుగా?" అన్నాను.

పోయిన నెల ఆవిడే ఫోన్ చేశారట. దెయ్యం పేరు చెప్పి గది ఎవరూ అద్దెకి తీసుకోవట్లేదు. సామాను కొంటామని రాజమండ్రి నుంచి ఎవరో వస్తున్నారు, పనిచేస్తోందో లేదో చూడమన్నారు. కాదనడానికి మొహం చెల్లలేదు. చీకటిపడ్డాక ఇద్దరూ ఆ మెట్లెక్కారు.

షట్టరెత్తారు. మూడేళ్ళ దుమ్ము. ఒకటే బల్బు. ఆవిడ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. సురేంద్ర వైర్లు గుచ్చి, ఆ సెట్టింగు పెడదామని చూస్తే —

అప్పటికే పెట్టి ఉంది.

ఎవరు పెట్టారు?... ఆయన పోయిన రాత్రి వేసిన తాళం ఇప్పుడే తీశారు కదా! గేమ్ పెట్టెలో ఏదో డిస్కుంది. ప్లే నొక్కాడు.

చిన్న గరగర... ముందు స్పీకర్లలో ఏమీ లేదు. వెనక నుంచి — సరిగ్గా మెడ వెనక నుంచి —

"సురేంద్రా... ఎక్కడిదాకా వచ్చావురా?"

చచ్చాననుకున్నాడు. గిర్రున తిరిగితే గుమ్మం పక్క గోడ మీద స్పీకరు, దాని కింద స్టూలు మీంచి లేచి నిలబడ్డ వెంకటదుర్గ గారు. స్పీకర్లు పరీక్షించడానికి కంప్యూటర్లో తన గొంతే రికార్డు చేసి డిస్కులోకి ఎక్కించుకోవడం బుల్లిరాజు గారి అలవాటు. అది చివరిగా చేసిన డిస్కు.

"ఆ సెట్టింగు నేనే పట్టేశా. విన్నావా, వెనక నుంచే మాట్లాడుతున్నా! నీకు వినిపిద్దామనే ఇది చేశా. ఒంట్లో అదోలా ఉంది, ఇంటికెళ్ళిపోదామనుకున్నా గానీ... నువ్వు దార్లో ఉన్నావుగా. పాపం, ఇంత దూరం వచ్చి తాళం చూసి తిరిగెళ్తావు. కూర్చుంటాలే."

టక్కున ఆగిపోయింది.

"పంక్చరవలేదక్కా," అన్నాడు సురేంద్ర, నేల చూస్తూ. "ఇంట్లోనే ఉన్నాను. అసలు బయల్దేరలేదండి."

ఇంతవరకూ చెప్పి స్క్రూడ్రైవరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆవిడేమన్నారు?" అడిగాను.

"తిడతారనుకున్నానండి. చెప్పుచ్చుకు కొట్టినా బాగుండేది... కానీ ఆవిడ కళ్ళు తుడుచుకుని, 'మూడేళ్ళైంది ఆయన గొంతు విని... మళ్ళీ పెట్టు' అన్నారు. పెట్టాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ పెట్టాను... ప్రతిసారీ నా పేరుతోనే మొదలవుతుందండి అది."