కాచినాయకుడి ఎల్లరాయి

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! పాలంపేట అవతలి ఆ ఊరి మీద కారుమబ్బులు కమ్మి, పట్టపగలే కాటుక చీకటి పరుచుకుంది. ఎక్కడో ఉరుము... ఆ వెంటనే గుడ్లగూబ కూత!

ఊరి చివర పొలిమేర చూపే ఎల్లరాయికి అవతల, ముగ్గు వేసి కూర్చున్నాడు మాంత్రికుడు గుండయ్య. ముందు కుంకుమ పూసిన కపాలం. ఎదుట జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలేసి ఊగిపోతోంది యమున. పాత శాసనాలు చదివే నవతకు సొంత వదిన.

"ఇడువురా నా కోడల్ని!" నవత తల్లి పోశవ్వ కూతురితో పాటు రాయి దగ్గరే నిలబడి గుండెలు బాదుకుంటోంది.

"ఒక్క అడుగు ఇటేస్తివా, రక్తం కక్కుకొని సస్తది! ఈమె పానంతోని ఏడూళ్ళ సీమ నాదైతది. మీ కాచినాయకుడు ఎల్ల లోపట్నే మొగోడు. నేను బయట కూసున్న!" గుండయ్య నవత వైపు చూసి నవ్వాడు. "ఏం మేడం, ఇంకోసారి చదివి పెడ్తవా?"

నవత తల దించుకుంది. ఓరుగల్లు రాజుల కాలంలో ఆ ఏడూళ్ళ సీమకు ఏలిక కాచినాయకుడు. రాయి మీది అతని శాసనాన్ని చదివి ఊరందరికీ వినిపించింది ఆమే. 'నా ఎల్లలోపల క్షుద్రం చేసినవాని తల నాది. ఎల్ల ఎరిగినవారు దాచినచో, నా కత్తి లేవదు.'

ఆ రోజు చెప్పనిది ఒకటుంది. రాయి తుమ్మపొదల్లో ఉంటే ఫొటో బాగా రాదని, జేసీబీ అతన్ని బతిమాలి ఊరివైపు యాభై అడుగులు జరిపించింది. మళ్ళీ పెట్టిద్దామనుకుంది... పెట్టించలేదు. ఊరి దేవత బొడ్రాయి పండుగకు పెద్దలు ఆ రాయినే హద్దుగా పెట్టుకుని, దయ్యాలు రాకుండా రక్తం కలిపిన అన్నం ఊరి చుట్టూ పొలి చల్లారు. నవత వాళ్ళ కొత్త ఇల్లు పొలికి బయట పడింది. నవత చూస్తూ ఊరుకుంది. మూడో రోజుకే గుండయ్య చేతబడి యమునను పట్టింది!

గుండయ్య కత్తి లేచింది...

"అమ్మా! రాయి ఈడ లేకుండె!" నవత గొంతు చీరుకుపోయింది. "ఫొటో కోసం నేనే జరిపిన. వదినను నేనే బయట పడేసిన. అసలు ఎల్ల అగో, ఆ తుమ్మచెట్టు కాడ! గుండయ్యా, నువ్వు కూసున్నది లోపట్నే!"

మరుక్షణం నేల అదిరింది! కంటికి కనబడని గుర్రపు డెక్కల చప్పుడు! కపాలం ఫెళ్ళున పగిలింది. గుండయ్య కెవ్వుమని తుమ్మచెట్టు వైపు పరుగు తీశాడు. ఇంకొక్క అడుగు... మెరుపులా ఏదో మెరిసింది!

మొండెం ఎల్లకు అవతల పడింది. తల మాత్రం ఇవతలే ఆగింది.

"నవతా... ఎందుకేడుస్తున్నవే?" యమున లేచి కూర్చుని నీరసంగా అడిగింది.

పోశవ్వ కూతురి వైపు చూడకుండానే కోడలికి కొంగు కప్పింది. "ముందు రాయిని దాని జాగల పెట్టు. నాతోని మాట్లాడుడు తర్వాత."

వాన మొదలైంది. నవత ఒక్కతే వంగి రాయి కింద చేతులు పెట్టింది. అది కదలలేదు.