బ్లేడు వీపున పొగ

“తాండూరు కందిపప్పు ఉందా?”

“ఉంది. రాళ్లు మీరే ఏరుకోవాలి.”

కోడ్ సరిపోయింది. వికారాబాద్ స్టేషన్ ఎదుటి కిరాణా సేటు రాధాకిషన్ గల్లా వదిలి వెనక గదిలోకి నడిచాడు. ఊరికి ఆయన సేటు. గూఢచారి విభాగానికి చీఫ్. వెంట వెళ్లింది ఏజెంట్ ఈశ్వర్.

“కొత్త ఫైటర్ విమానం ఇంజన్‌ల తిరిగే రెక్క, మాస్టర్ బ్లేడు, పోయింది ఈశ్వర్. విదేశీ ముఠా నాలుగింటికి తాండూరు బండల యార్డు నుంచి లేపుకపోతది. నాలుగు దాటితే కరుణ ఫైలు ఢిల్లీకి పంపాలె. దేశద్రోహం కేసు. నా చేతిల లేదు.”

కరుణ ఈశ్వర్‌కు ఒక్కగానొక్క చెల్లెలు. ఆ బ్లేడును డిజైన్ చేసింది ఆమే, లాకర్ తాళం ఉన్నదీ ఆమె దగ్గరే. నిన్నటి నుంచి కస్టడీలో ఉంది. 

“అన్నా, గాలి బ్లేడు వీపును పట్టుకొని జారాలె,” అనేది కరుణ. “వంపు జరంత ఎక్కువైనా వీపును వదిలేస్తది. గాలి ఎనక్కి తంతది, ఇంజన్ ఆకాశంలనే ఆరిపోతది.” చూసి నమ్మమని ఒక పెన్ను కూడా ఇచ్చింది. నొక్కితే సన్నటి పొగ వస్తుంది, మూతలో చిటికెడంత ఫ్యాన్.

మూడు నలభై ఐదు. తాండూరు శివారులో నాపరాతి బండల పాలిషింగ్ యార్డు. తలకు తువ్వాలు చుట్టి హమాలీ వేషంలో ఉన్న ఈశ్వర్ దగ్గరికి తల మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో దేవిక వచ్చింది. మూడేళ్లుగా ఆ ముఠాలో మన తరఫున పనిచేస్తున్న ఏజెంట్.

“దొరికింది ఈశ్వర్. చెల్లెల్ని విడిపించుకో,” అంటూ బ్లేడు చేతిలో పెట్టింది. ఈశ్వర్‌కు ఆమె కాళ్లమీద పడాలనిపించింది. ఆమె వెనక బండల లారీ ఒకటి స్టార్టయింది.

చీఫ్‌కు ఫోన్ చేయబోయి ఆగాడు. చెల్లెలి మాట గుర్తొచ్చి పెన్ను నొక్కాడు. పొగ బ్లేడు వీపున సగం దాకా జారింది. ఆపైన విడిపోయి సుడులు తిరిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

“ఇది కరుణ బ్లేడు కాదు.”

దేవిక హ్యాండ్‌బ్యాగులోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. “తెలివైనవాడివే. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. అసలుది వెతుక్కో.”

యార్డు నిండా వేల బండలు. ఎక్కడని వెతకాలి? ఈశ్వర్‌కు ఏడుపొచ్చింది, నిజంగానే.

లారీ ముందు ముసలి హమాలీ భీమప్ప అడ్డం నిలబడి డ్రైవర్‌ను తిడుతున్నాడు. “ఎవడు పేర్చిండ్రా గీ లోడు? బండలను పండవెడ్తరా? మొదటి గుంతకే నడుమ పలుగుతయ్!”

ఈశ్వర్ లోడు వైపు చూశాడు. తాండూరులో ఏ హమాలీ అయినా బండలను అంచు మీద నిలబెట్టి, నడుమ గడ్డి పెట్టి, పగలకుండా పేరుస్తాడు. వీటిని పడుకోబెట్టినవాడు నడుమ ఏదో దాచడానికే అలా చేసి ఉండాలి.

“కాకా! నడిమి బండలు లేపు!”

పిస్టల్ భీమప్ప వైపు తిరిగింది. ఈశ్వర్ పెన్నును దేవిక మొహం మీద గట్టిగా నొక్కాడు. పొగకు కళ్లు మండి ఆమె కాల్చిన గుండు బండకు తగిలింది. మరుక్షణం పిస్టల్ ఈశ్వర్ చేతిలో ఉంది.

డ్రైవర్ దూకి పారిపోయాడు. భీమప్ప గడ్డపారతో పైబండలు లేపాడు. కింది బండల్లో చెక్కిన గుంతలో, స్పాంజిలో బ్లేడు. ఈశ్వర్ పెన్నులో మిగిలిన చివరి పొగ వదిలాడు. బ్లేడు వీపు పొడవునా, కొస దాకా జారింది.

మూడు యాభై తొమ్మిది. “సార్, దొరికింది! ఫైలు ఆపండి!”

అవతల చీఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు. “చింపేసిన. చెల్లెను ఇంటికి తోలుకపో.”

ఈశ్వర్ అక్కడే కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కాసేపటికి బేడీలతో దేవికను జీపు ఎక్కిస్తుంటే భీమప్ప దగ్గరికొచ్చాడు.

“మేడమ్, గుంతల తొవ్వ. నిటారుగ కూసోండ్రి. ఒరిగితే పలుగుతరు.”