గూడు ఎత్తు, ఆమె ఎత్తు

"ఆగండి! ఆ కాలు అక్కడే ఆపండి!"

ఫోటోగ్రాఫర్ ఆపలేకపోయాడు. ఆ కేకవేసిన అమ్మాయి పొద్దుటినుంచి బ్రష్షుతో తుడిచి అద్దంలా తీర్చిన నేలమీద అతని బూటు అచ్చుగుద్దినట్టు దిగింది.

అది తవ్వకాల్లో బయటపడ్డ ఒక ప్రాచీన బౌద్ధ విహారంలోని గది. మూడు గోడలు మోకాలెత్తు ఇటుకలుగా మిగిలాయి. వెనకగోడ ఒక్కటే, దీపం పెట్టుకునే గూడుతో సహా, మనిషెత్తున నిలిచింది.

"ఇన్ని శతాబ్దాల తర్వాత ఈ గదికొచ్చిన మొదటి అతిథి మీరు. అదీ బూట్లతో!"

"మీకూ బూట్లున్నాయిగా?"

"నేను గోడవార నడుస్తున్నాను. మీరు నట్టనడుమ దిగారు!"

బ్రష్షు చేతినుంచి దింపదు కనుక తవ్వకాల్లో అందరూ ఆమెను బ్రష్షమ్మ అనేవారు. ఫోటోగ్రాఫర్ ఇంకో బ్రష్షు తీసుకుని పక్కన చతికిలబడ్డాడు. ఆ తర్వాత కూడా ఆమె అతణ్ణి తిడుతూనే ఉంది. అతడే, తిట్ల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు.

గూడు మరీ కిందికి ఉండడం ఆమెకు నిద్రపట్టనివ్వలేదు. "పెద్దవాళ్ళు ఇందులో దీపం పెట్టాలంటే నడుం పడిపోతుంది. ఇది పిల్లల గదండీ. చిన్నచిన్న భిక్షువులు ఉండేవాళ్ళిక్కడ."

"కొలిచి చూపించమ్మా, ఒప్పుకుంటాను" అన్నారు తవ్వకాల డైరెక్టరుగారు.

ఫోటో తీశాకే గోడకు టేపు తగిలించాలన్నది అక్కడి పద్ధతి. సాయంత్రపు ఎండలో ఆమె గోడకు ఆనుకుని, గూడు పక్కన నిలబడి నవ్వింది. అతడు ఫోటో తీశాడు. కొలతలు మర్నాడు తీసుకుందామనుకున్నారు. ఆ రాత్రి వాన ఆ గోడను మట్టిముద్ద చేసిపోయింది.

మిగిలింది ఆ ఒక్క ఫోటో. అందులో కొలత చూపే చారల రాడ్ లేదు.

"కొలబద్ద లేని ఫోటో నివేదికకెక్కదు. పిల్లల గది మాట తీసెయ్యమ్మా" అన్నారు డైరెక్టరుగారు.

"నా అంతట నేను కనిపెట్టిన మొదటి సంగతి సార్ అది" అని మాత్రం అంది ఆమె. ఫోటోగ్రాఫర్‌తో ఒక్క మాటా ఆడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం అతడు అలవాటుగా ఆ ఫోటో ముందు కూర్చుని, ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు. కొలబద్ద లేకపోవడమేమిటి! గోడకు ఆనుకుని నవ్వుతూ నిలబడే ఉందిగా!

స్టీలు టేపు జేబులో వేసుకుని బస్సెక్కాడు.

తలుపు తీసింది ఆమె తల్లి.

"నమస్కారమండీ. మీ అమ్మాయి ఎత్తు కావాలి."

లోపల సోఫాలోంచి అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఎత్తు అడిగేవాళ్ళను చూశాను గానీ, టేపు పట్టుకొచ్చినవాణ్ణి ఇదే చూడ్డం. రా నాయనా, కూర్చో. ఉద్యోగమేమిటి?"

"ఫోటోలు తీస్తానండీ. కానీ నేను వచ్చింది..."

"తెలుస్తూనే ఉందిలే బాబూ" అన్నాడు తండ్రి, పేపరు మడుస్తూ.

గదిలోంచి వచ్చిన బ్రష్షమ్మ గుమ్మంలోనే నిలిచిపోయింది. "మీరా!"

అతడు గబగబా చెప్పుకొచ్చాడు. "మీ ఎత్తు తెలిస్తే గూడు ఎత్తు లెక్కకట్టొచ్చు. ఆరోజు వేసుకున్న బూట్లే వేసుకోవాలి."

ఆమె ముఖం వెలిగింది. పరుగున బూట్లు తెచ్చి తొడుక్కుంది.

"బూట్లతో హాల్లోకా!" తల్లి నెత్తి కొట్టుకుంది.

"ఆగమ్మా, చరిత్ర!"

తండ్రి టేపు కింది కొస పట్టుకున్నాడు. అమ్మమ్మ "మడమలెత్తకే" అని కాపలా కాసింది. డైనింగ్ టేబుల్ మీద లెక్క తేలింది. ఆమె ఫోన్ చేస్తే డైరెక్టరుగారు అంకెలు రెండుసార్లు చెప్పించుకున్నారు. "ఇది పిల్లలకే అందే ఎత్తు. ఎలా కొలిచావో వివరంగా రాయి. నివేదికలో పెడదాం."

ఆమె ఫోన్ దించి ఒక్క గంతేసింది. అంతలోనే కళ్ళు చిన్నవి చేసింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి. ప్రతి ఫోటోకీ ముందు రాడ్ నిలబెట్టే మనిషి ఆరోజు ఎలా మర్చిపోయారు?"

"మర్చిపోలేదు. నిలబెట్టాను." అతడు నేలచూపులు చూశాడు. "మీకు అడ్డంగా ఉందని తీసేశాను. గోడ సంగతి ఆ క్షణాన నాకు గుర్తులేదు. మీరే కనిపించారు. తప్పే. మీ కష్టమంతా పోయేది."

అమ్మమ్మ మొదట తేరుకుంది. "అమ్మాయీ, అల్లుడూ, లేవండి. మనకు వంటింట్లో పనుంది."

"ముగ్గురికీనా?" అన్నాడు తండ్రి.

"ముగ్గురికీ!"

హాల్లో ఇద్దరే మిగిలారు. ఆమె టేపు చేతిలోకి తీసుకుంది.

"ఇలా వచ్చి గోడకు ఆనుకోండి."

"నేనెందుకు? ఫోటోలో నేను లేనుగా?"

"ఇకనుంచి ఉంటారు" అని, మునివేళ్ళమీద లేచి, టేపు అతని తలదాకా లాగింది.